గులాబీ గోలీ గెలిచింది

మా వీధి చివర మెడికల్ షాపు పెట్టుకున్న అమ్మాయి ఒకతె ఉంది. ఫార్మసీ చదివింది. నేను అటుగా వెళ్తే నిలబెట్టి అడుగుతుంటుంది, "మేడమ్, ఒళ్ళు తగ్గే మందుల్లో ఏది నయం?" అని. నేను వెంటనే జవాబు చెప్పను. "అడుగుతున్నది నువ్వా, నీ దగ్గరికొచ్చే కంపెనీవాడా?" అంటాను. ఆ పిల్ల నవ్వేస్తుంది. నేను నవ్వను. రెండు మందుల్లో ఏది మేలు అన్న ప్రశ్న మా దవాఖానలో ఎంత పద్ధతిగా, ఎంత మర్యాదగా, ఎంత తప్పుగా తేలిందో కళ్ళారా చూసినదాన్ని. అందుకని రాస్తున్నాను. కౌంటరు వెనక నిలబడే పిల్లలు చదవండి. కౌంటరు ముందు నిలబడేవాళ్ళు చదివినా నష్టమేమీ లేదు.

ఎనభైల మొదటి రోజులు. వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖాన, పేరెందుకు. అందులో నేను ఫార్మసిస్టును. కాలేజీలో చదివి, పట్టా పుచ్చుకుని మరీ చేరాను. అయినా అందరికీ నేను కంపౌండరమ్మనే. మొదట్లో ఓపిగ్గా సరిదిద్దేదాన్ని. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు "ఫార్మసిస్టు" అని రెండు మూడుసార్లు పలికి చెప్పాను. ఆయన "ఓహో, ఫారెస్టమ్మవా!" అని, అడవిలో ఉండాల్సిన నౌకరీ వదిలి ఈ గదిలో ఎందుకు పడి ఉన్నావని జాలిపడ్డాడు. ఆ రోజుతో కంపౌండరమ్మకు ఒప్పుకున్నాను.

మా పెద్ద డాక్టరు సర్జన్. చెయ్యి చాలా మంచిది. ఆ చేతిని గురించి నేను ఇప్పటికీ ఒక్క మాట అనను. చెవి మాత్రం మంచిది కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంగ్లీషులో ఏం చెప్పినా ఆ చెవిలోకి అడ్డం లేకుండా పోయేది.

కడుపు ఆపరేషన్ల ముందు లావుగా ఉన్నవాళ్ళను కొంచెం తగ్గి రమ్మనడం మా దగ్గర రివాజు. మత్తు ఇవ్వడానికి వచ్చే డాక్టరు గొడవపడేవాడు మరి. అలాంటివాళ్ళకు మేం చాలాకాలంగా ఒక తెల్ల గోలీ ఇచ్చేవాళ్ళం. ఆకలి చంపుతుంది, కాస్త నిద్రమబ్బుగా ఉంచుతుంది. దాని మీద నాకు పెద్ద ప్రేమా లేదు, పెద్ద ఫిర్యాదూ లేదు. అప్పుడొచ్చింది గులాబీ గోలీ. తెచ్చినవాడు కంపెనీ రెప్రజెంటేటివ్, మా నోట్లో రెప్పు. గదిలోకి వాడికంటే ముందు వాడి సెంటు వచ్చేది.

"ఆకలి తగ్గిస్తది, హుషారు పెంచుతది సార్. పేషెంటు పడుకోడు, పనిచేస్తడు" అన్నాడు.

హుషారు తెచ్చే మందంటే నాకు అప్పుడూ అనుమానమే, ఇప్పుడూ అనుమానమే. వాడిచ్చిన కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చదివాను. పైన ఇంతింత అక్షరాల్లో పొగడ్తలు. కింద చీమతలకాయంత అక్షరాల్లో గుండెదడ, నిద్రలేమి, బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త అని ఉంది.

"ఇదెందుకు ఇంత చిన్నగా అచ్చేశారు?" అని అడిగాను.

"అవన్నీ రూల్ కోసం మేడమ్. ఎవ్వరూ చదవరు."

"నేను చదివాను కదా."

"మీరు చదువుకున్నోళ్ళు మేడమ్" అని వాడు చల్లగా జారుకున్నాడు.

డాక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. వాదనెందుకు, పోల్చి చూద్దామన్నారు. ఆపరేషన్ కోసం ఎదురుచూసే నలుగురైదుగురికి తెల్ల గోలీ నడుస్తోంది కదా, అది అలాగే నడవనిద్దాం. గులాబీ గోలీ మన నర్సుల్లో ఇష్టమున్నవాళ్ళకు ఇద్దాం, వాళ్ళయితే రోజూ కళ్ళ ముందుంటారు, వేళకు మింగుతారు అన్నారు. వారం వారం కాంటా ఎక్కించి, తూకం గోడమీద చార్టులో రాస్తారు. ఇప్పటి పిల్లలకు ఇది వింటే నవ్వొస్తుంది. అప్పుడు మాకది పెద్ద సైన్సే.

నర్సుల్లో మొదట ముందుకొచ్చింది మా హెడ్‌నర్సు. నాకంటే పదేళ్ళు పెద్దది. డోర్నకల్ దిక్కు క్రైస్తవ కుటుంబం. నన్ను చెల్లె అనేది, నేను అక్కా అనేదాన్ని. నిండైన మనిషి, నిండైన గొంతు. వార్డు ఆ చివర ఆమె దగ్గితే ఈ చివర పేషెంట్లు దుప్పటి సర్దుకునేవాళ్ళు. ఆమె వెంట వాళ్ళ చర్చికే పోయే మరో ముగ్గురు నర్సులు చేరారు.

తెల్ల గోలీవాళ్ళలో నాకు బాగా గుర్తున్నది పరకాల దగ్గరి ఒక రైతు ఇల్లాలు. బొడ్డు పక్కన గడ్డ, కానుపుల తర్వాత మొదలై ఏటేటా పెరిగింది. వంగి కలుపు తీస్తే బయటికి పొడుచుకొచ్చేది. చేత్తో లోపలికి తోసుకుని మళ్ళీ వంగేదట. ఒకనాడు అది లోపలికి పోకుండా ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చెయ్యాలి. కానీ ఒళ్ళు తగ్గాలి. పైగా ఆమెకు బీపీ ఎక్కువ. మొదటిసారి ఆమెను కాంటా ఎక్కించినప్పుడు కాళ్ళ కడియాలు ఇనుప పలక మీద టంగుమని మోగాయి. ముల్లు పైకి లేచింది.

"ఏందక్కా, ఇంత బరువున్నవ్?" అంది హెడ్‌నర్సు.

"కాంటా మాట నమ్ముతవా బిడ్డా నువ్వు? మా మిర్చి బస్తా మా ఇంటికాడ ఒక తూకం, మార్కెట్ల ఒక తూకం" అందామె.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అంత అనుమానపు మనిషినై ఉండి కూడా ఆ మాటను మాత్రం అక్కడే వదిలేశాను.

వారాలు గడిచాయి. గులాబీ గోలీ గెలుస్తోంది. మామూలుగా కాదు, చార్టు మీద గీత జారుడుబండలా దిగుతోంది. నర్సుల యూనిఫారాలు వదులయ్యాయి. హెడ్‌నర్సు బెల్టుకు కొత్త బెజ్జం పెట్టించుకుంది. తెల్ల గోలీవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే. రెప్పు వారానికోసారి వచ్చి, చార్టు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"చూడండి మేడమ్, సన్నబడితే మనిషి వాడిపోవాలె. వీళ్ళ మొహంల కళ చూడండి! అది మా మందు గొప్పతనం."

కళ మాట నిజమే. నలుగురూ తల నిండా నూనె పెట్టి, నున్నగా దువ్వి, మొహాలు తోమి తోమి కడుక్కుని వస్తున్నారు. మునుపు డ్యూటీకి పరుగెత్తుకుంటూ వచ్చి, చెంపల మీద రేగిన జుట్టును టోపీ కిందికి తోసుకునే మనుషులు. కూడబలుక్కున్నట్టు అందరికీ ఒక్కసారే ఈ సోకేమిటి?

నా అనుమానం మొదట కాంటా మీదికి పోయింది. ఒక బియ్యం సంచీని దాని మీద పెట్టి, పక్క కిరాణా కొట్టు కాంటాతో సరిచూశాను. కాంటా నిర్దోషి. ఆ తర్వాత రెప్పు మీదికి పోయింది. నర్సులకు ఏమైనా కానుకలు ముట్టజెప్పి తూకం తప్పు చెప్పిస్తున్నాడేమోనని నేనే పోయి నిలబడి తూకం చూశాను. తూకం నిజం. ఆ తర్వాత నర్సులు గోలీలు మింగుతున్నారా లేదా అని. నా ఎదురుగా మింగించాను. హెడ్‌నర్సు మింగి, నాలుక బయటపెట్టి చూపించి, "సరేనా పోలీసమ్మా?" అంది. ఇన్ని పరీక్షలు చేశాక పరువు కోసమైనా ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే చార్టు మరీ అందంగా ఉంది. ఒంటికి పనిచేసే మందు ఏదీ అంత అందమైన గీత గీయదు.

ఈలోగా డాక్టరుగారు తీర్పు ఇచ్చేశారు. తెల్ల గోలీలు బంద్. అందరికీ గులాబీ. పరకాల ఆమెకు ముందుగా, ఎందుకంటే గడ్డ ఆగేది కాదు. చీటీ రాసిచ్చారు. ఆమె ఆ చీటీ పట్టుకుని నా కిటికీ ముందుకొచ్చింది. చీటీ చూశాను, ఆమె మొహం చూశాను. మెట్లెక్కి వచ్చినందుకే రొప్పుతోంది. బీపీ ఉన్న మనిషికి, ఆపరేషన్ ముందు, గుండెదడ పుట్టించే గోలీ.

"సరుకు అయిపోయిందక్కా. వచ్చే సోమవారం రా" అన్నాను.

"అగో, ఆ సీసల గులాబి రంగువి కనవడ్తానయి కదా!"

"అవి చిన్నపిల్లల దగ్గు గోలీలు."

ఆమె నన్నూ సీసానూ మార్చి మార్చి చూసి, "సరే తియ్, సోమారం వస్త" అని వెళ్ళిపోయింది. నా మాట నమ్మలేదని తెలుస్తూనే ఉంది. దాని సంగతి తర్వాత.

నాకు దొరికింది ఒక్క వారం. అది మట్టల ఆదివారం తర్వాతి వారం. క్రైస్తవ ఇళ్ళలో ఈస్టర్‌కు ముందు పాటించే శ్రమ దినాలు ముగింపుకొచ్చే రోజులు. నాకు ఆ లెక్క తెలియక కాదు. నా చిన్నప్పటి స్నేహితురాళ్ళు సగంమంది వాళ్ళే. బుర్రలో ఆ లెక్క ఉన్న అరకూ ఈ చార్టు ఉన్న అరకూ మధ్య తలుపు తెరుచుకోలేదు, అంతే.

ఆ బుధవారం మధ్యాహ్నం హెడ్‌నర్సు ఇంజెక్షన్లు తీసుకుపోవడానికి నా గదికి వచ్చి, బల్ల అంచు పట్టుకుని ఆగిపోయింది. కళ్ళు తిరిగినట్టున్నాయి. కుర్చీలో కూచోబెట్టి, నా టీ ఆమె ముందుకు జరిపాను.

"వద్దు చెల్లె."

"చక్కెర ఎక్కువే వేశారు, తాగక్కా."

"ఇప్పుడు వద్దంటాన గద."

వంగి ఆమె మొహంలోకి చూశాను. నూనెతో మెరిసే పాపిడి, కడిగిన ముత్యంలాంటి మొహం, ఎండిన పెదాలు. తలుపు అప్పుడు తెరుచుకుంది. ఉపవాసం ఉన్నవాళ్ళు వాడిపోయిన మొహాలతో ఊరంతా చాటుకోకూడదని, తలకు నూనె పెట్టుకుని, మొహం కడుక్కుని, మామూలుగా ఉండాలని వాళ్ళ పట్టింపు. నా స్నేహితురాలి తల్లి ఏటేటా అట్లాగే ఉండేది.

"ఎన్నాళ్ళ నుంచి ఒంటిపూట?" అని అడిగాను.

ఆమె టీ గ్లాసును నా వైపే జరిపింది.

"నలుగురూనా?"

"నీకెందుకే అది?"

"డాక్టరు మంచిగ తింటున్నరా అని అడిగితె తింటానమన్నరు కదా!"

"తింటానం. పొద్దుగూకినంక తింటానం. అబద్ధమేమున్నది?"

"అక్కా, ఆ చార్టులో దిగింది గోలీ కాదు, మీ ఉపవాసం. దాన్ని చూసి పరకాలామెకు గులాబీ రాసిచ్చారు. ఆమె బీపీ నీకు తెలుసు. సోమవారం ఈ ముక్క డాక్టరుకు చెప్పు."

హెడ్‌నర్సు లేచి నిలబడింది. వార్డు ఆ చివరకు వినబడే గొంతు అప్పుడు గుసగుస అంతే అయింది. అదే ఎక్కువ భయపెట్టింది నన్ను.

"నా ఉపాసం నాకు, నా దేవునికి నడుమ ఉన్నది. ఇంట్ల నా పెనిమిటికి గుడ చెప్పలే. దాన్ని తీసుకపోయి నువ్వు కాంటా మీద పెడ్తవా?"

"ఆమె చస్తే?"

"నువ్వే చెప్పుకో. నా నోటెంబడి రాదు."

నేను చెప్తే డాక్టరు వినరు. నేను చెప్పేది ఏదీ వినకూడదని ఆయన అంతకు ముందే రెండు మూడు గొడవల్లో తీర్మానించుకున్నారు. అది ఆమెకూ తెలుసు. ఇంజెక్షన్ల ట్రే తీసుకుని వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నేనూ తక్కువదాన్ని కాదు, నేనూ మాట్లాడలేదు.

ఈస్టర్ మరుసటి సోమవారం. పరకాల ఆమె చెప్పినట్టే వచ్చింది. కానీ నా కిటికీకి కాదు, సరాసరి డాక్టరు గదికి పోయి, కంపౌండరమ్మ గోలీలు దాచిపెట్టుకుందని చెప్పేసింది. నాకు పిలుపొచ్చింది. గదిలో డాక్టరు, కుర్చీ అంచున రెప్పు, తలుపు దగ్గర పరకాల ఆమె, వార్డు ఫైళ్ళతో హెడ్‌నర్సు.

"సరుకు లేదన్నవట?" అన్నారు డాక్టరు.

"ఉంది సార్."

"మరి?"

"అబద్ధం చెప్పాను."

"ఏందమ్మా ఇది! చీటీ రాసేది నేనా, నువ్వా?"

"రాసేది మీరే. ఇచ్చేది నేను. ఇవ్వను. వీళ్ళకు తగ్గింది గోలీతో కాదు సార్."

"మరి దేనితో?"

నేను హెడ్‌నర్సు వైపు చూశాను. ఆమె ఫైళ్ళ వైపు చూస్తోంది. నోటిదాకా వచ్చింది మాట. కానీ, నమ్ముతారో లేదో, బయటికి రాలేదు. ఆ రహస్యం నాది కాదు. జీవితంలో నా నోరు నా మాట విన్న రోజులు తక్కువ, అందులో అదొకటి.

"చెప్పు, దేనితో?" అని గద్దించారు డాక్టరు.

"మేడమ్‌కు మొదటి నుంచి మా కంపెనీ మీద కోపం సార్" అన్నాడు రెప్పు, తీయగా.

"గోలీలు తీసుకొచ్చి ఈమె చేతిల పెట్టు. లేకపోతె రేపటి నుంచి రాకు" అన్నారు డాక్టరు.

అప్పుడు ఫైళ్ళు బల్ల మీద పడ్డ చప్పుడైంది. హెడ్‌నర్సు గది మూలనున్న కాంటా దగ్గరికి నడిచి, చెప్పులు విడిచి ఎక్కింది. ఇటు తిరిగి, "చూడుండ్రి సార్" అంది.

డాక్టరు లేచి వెళ్ళి ముల్లు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎన్ని వారాలుగానో దిగుతూ వచ్చిన ముల్లు ఒక్క పండగతో మళ్ళీ పైకి లేచింది. ఈస్టర్ నాటి బిర్యానీ, చుట్టాలింట్లో భోజనాలు, నలభై రోజుల ఆకలి, అన్నీ కలిసి ఎక్కి కూచున్నాయి ఆ కాంటా మీద.

"ఇదేంది? మాత్రలు మానేసినవా?"

"మాత్రలు మానలేదు సార్" అంది హెడ్‌నర్సు. "తినుడు మొదలువెట్టిన."

అంతే. ఉపవాసం అన్న మాట ఆమె నోటి నుంచి రాలేదు. డాక్టరు ఆమెను చూశారు, గోడమీది క్యాలెండరులో నిన్నటి ఈస్టర్‌ను చూశారు. మొండివాడే కానీ మందబుద్ధి కాదు. పరకాల ఆమె చేతిలోని చీటీ తీసుకుని చింపేశారు.

"తెల్లయే వాడు. కొంచెమన్న తగ్గి రా, చేసేద్దాం."

నాకు సారీ ఏమీ చెప్పలేదు. డాక్టర్లు చెప్పరు, నేను ఎదురుచూడనూ లేదు. మర్నాటికి గోడమీద చార్టు మాత్రం లేదు. తర్వాతి వారం రెప్పు వచ్చి, "చార్టు ఏదీ మేడమ్?" అని అడిగాడు. "శ్రమ దినాలు అయిపోయినయి బాబూ" అన్నాను. వాడికి ఏమర్థమైందో మరి, ఆ సెంటు వాసన మా దవాఖానలో పల్చబడింది.

హెడ్‌నర్సు చీటీ చిరిగిన రోజు సాయంత్రమే నా గదికి వచ్చి, డబ్బాలో మిగిలిన ఈస్టర్ పిండివంటలు నా బల్ల మీద పెట్టింది. "తిను. నీ నోటికి ఏదన్న పని ఉండాలె" అంది. మేం మళ్ళీ మాట్లాడుకున్నట్టే లెక్క.

పరకాల ఆమె నెల తిరిగేసరికి వచ్చింది. కాంటా ఎక్కిస్తే తగ్గింది! డాక్టరు సంతోషించారు. నేను ఆయన ముందు నిలబడి, "చూశారా సార్, నిదానమే ప్రధానం, తెల్ల గోలీ తెల్ల గోలీయే" అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. బీపీ అదుపులోకి వచ్చింది, మత్తు డాక్టరు సణగలేదు, ఆపరేషన్ చక్కగా అయింది. ముందే అన్నాను, ఆ చేతికి వంక పెట్టలేం.

ఇంటికి పోయే రోజు ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. కొంగు చివర ముడి విప్పి, చిన్న గుడ్డమూట నా ముందు పెట్టింది. లోపల తెల్ల గోలీలు. నేను మొదటి రోజు నుంచి ఇచ్చినవన్నీ.

"ఇగో బిడ్డా, నీ గోలీలు. ఎవలకన్న అక్కెరకొస్తయి."

"ఏందక్కా ఇది? మింగలేదా?"

"మొదటిరోజు ఒక్కటి మింగిన. పొద్దంత మబ్బుమబ్బు, ఒకటే నిద్ర. గట్లయితె నా చేన్ల కలుపెవలు తీస్తరు, నువ్వస్తవా?"

"మరి ఒక్కనాడన్నా చెప్పలేదేం?"

"చెప్తె నువ్వు ఊకుంటవా? నీ నోరు నాకెర్క లేదా?"

"మరి బరువెట్ల తగ్గినవ్?"

ఆమె అటూ ఇటూ చూసింది. చీర కుచ్చిళ్ళు జర పైకెత్తి కాళ్ళు చూపించింది. ఏళ్ళ తరబడి ఎండ తగలని చోట చీలమండల చుట్టూ రెండు తెల్లటి చారలు. కడియాలు లేవు.

"ఆపరేషన్ గదిల అవన్ని తీసుడేనంటిరి గద. ఇంటికాడనే మా చెల్లెకిచ్చొచ్చిన." తర్వాత గొంతు తగ్గించి, "సారుకు చెప్పకు. ఖుషీగున్నడు పాపం" అంది.

ఇదీ మేం చేసిన పోలిక. గులాబీ గోలీ మింగినవాళ్ళు అన్నం తినలేదు. తెల్ల గోలీ ఇచ్చిన మనిషి గోలీ మింగలేదు. వాటి మధ్య మేం చార్టు గీసి తీర్పు చెప్పాం. కాంటాను అనుమానించాను, రెప్పును అనుమానించాను, సొంత అక్కలాంటి మనిషి నాలుక కింద వెతికాను. నేను వకాల్తా పుచ్చుకున్న గోలీని, దాన్ని మింగుతున్నానన్న మనిషిని మాత్రం అనుమానించడం మర్చిపోయాను. అనుమానం కూడా మనకిష్టమైన దారిలోనే నడుస్తుందన్నమాట.

చాలా ఏళ్ళ తర్వాత, నేను ఉద్యోగం ముందుగానే వదిలి ఇంట్లో కూచున్నాక, ఒక ఉదయం పేపర్లో ఆ తెల్ల మందు పేరు కనబడింది. గుండె కవాటాలను పాడుచేస్తోందని తేలి, దేశదేశాల్లో దాన్ని అమ్మకాల్లోంచి తీసేశారట. నేను డాక్టరు ముందు నిలబడి ఉపన్యాసమిచ్చిన మందు! పేపరు పక్కన పెట్టి, కొంగున మూట కట్టి తెచ్చిన ఆ అక్కను తలుచుకుని, ఆమె ఆడిన అబద్ధానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మొన్న మళ్ళీ మెడికల్ షాపు పిల్ల కేకేసింది. కొత్తవి ఏవో వచ్చాయట. "మేడమ్, ఈసారన్నా చెప్పండి, రెంటిలో ఏది నయం?"

"ముందు కడియాలు తీయించి తూకం వెయ్యి. తర్వాత అడుగు" అన్నాను.

ఏమీ అర్థంకాక తెల్లమొహం వేసింది. ఇది చదివితే అర్థమవుతుంది. చదువుతానని మాటైతే ఇచ్చింది. చదువుతుందా అన్నది నా అనుమానం.